మీట వదిలిన తరువాత: వించ్ వైర్‌లెస్ రిమోట్ల విజ్ఞానం

బురదలోనో ఇసుకలోనో ఇరుసుల దాకా దిగబడిపోయిన వాహనాన్ని, మరో బండి సాయం లేకుండా, దాని సొంత బ్యాటరీలోని విద్యుత్తుతోనే బయటికి లాగే యంత్రాన్ని వించ్ అంటారు. వాహనం ముందు భాగంలో చట్రానికి బిగించిన డ్రమ్ము, దాని మీద చుట్టిన పాతిక ముప్ఫై మీటర్ల తాడు, డ్రమ్మును తిప్పే మోటారు, మోటారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే గేర్లు, బరువు మీద ఉన్నప్పుడు డ్రమ్ము వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే బ్రేకు దాని ముఖ్య భాగాలు. తాడు చివరి కొక్కేన్ని ఎదురుగా ఉన్న బలమైన చెట్టుకో, బండరాతికో, మరో వాహనానికో కట్టిన పట్టీకి తగిలించి మోటారును నడిపితే, తాడు చుట్టుకునే కొద్దీ వాహనం తనను తాను లాక్కుంటూ ముందుకు జరుగుతుంది. జీపులకు విడిభాగాలు తయారుచేస్తూ 1948లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన వార్న్ సంస్థ 1959లో విహారయాత్రల వాహనాల కోసం విద్యుత్ వించ్‌ను తెచ్చింది. అప్పటి నుంచి యంత్రం మౌలిక స్వరూపం పెద్దగా మారలేదు గానీ దాన్ని నడిపే మనిషి నిలబడే చోటు మారింది. పొట్టి కేబుల్ చివర ఉండే మీటల పెట్టెకు బదులు అరచేతిలో ఇమిడే వైర్‌లెస్ రిమోట్ వచ్చింది. చాలామంది దీన్ని సౌకర్యం కోసం కొంటారు, కానీ దీని అసలు విలువ భద్రతలో ఉంది, ఆ కొలతతో చూసినప్పుడే ఏ రిమోట్ మంచిదో ఏది కాదో తేలుతుంది.

జీపు తరగతి వాహనాలకు అమర్చే వించ్‌ల లాగుడు సామర్థ్యం సాధారణంగా 4,000 నుంచి 5,500 కిలోల దాకా ఉంటుంది. డ్రమ్ము మీద ఒకే వరుస తాడు మిగిలి ఉన్నప్పటి లెక్క ఇది. వరుస మీద వరుస చుట్టుకునే కొద్దీ చుట్టు వ్యాసం పెరిగి, అదే మోటారు లాగగల బరువు తగ్గుతూ వస్తుంది. ఇంత బలాన్ని 12 వోల్టుల కారు బ్యాటరీ నుంచి రాబట్టాలంటే విద్యుత్ ప్రవాహం అసాధారణ స్థాయిలో ఉండక తప్పదు, అందుకే నిండు బరువు మీద వించ్ మోటారు 400 ఆంపియర్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది. ఇళ్లలో దీపాలకు వాడే స్విచ్చి 6 ఆంపియర్ల కోసం తయారవుతుందని గుర్తుచేసుకుంటే ఈ అంకె తీవ్రత బోధపడుతుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే సామర్థ్యం 4,800 వాట్లు. రిమోట్ వెలువరించే రేడియో సామర్థ్యం వాటులో నూరో వంతు ఉంటే అదే ఎక్కువ. అంటే వేలి కింద పుట్టిన సంకేతం తనకంటే దాదాపు అయిదు లక్షల రెట్లు పెద్దదైన సామర్థ్యాన్ని అదుపు చేయవలసి వస్తోంది, ఇంత అంతరాన్ని ఒకే అంగలో దాటడం కుదరదు కనుక నియంత్రణ అంచెలంచెలుగా సాగుతుంది.

రిమోట్ పంపిన తరంగాన్ని వించ్ పక్కన అమర్చిన రిసీవర్ అందుకుని, అది తనకు ఉద్దేశించినదేనని నిర్ధారించుకున్నాక, ఒక ట్రాన్సిస్టర్ లేదా చిన్న రిలే ద్వారా కొద్దిపాటి ప్రవాహాన్ని కాంటాక్టర్‌కు పంపుతుంది. కాంటాక్టర్ అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే భారీ స్విచ్చి: దాని తీగచుట్టలో ప్రవాహం ఉన్నంతసేపు అయస్కాంత బలం ఒక లోహపు పలకను లాగి పట్టుకుని బ్యాటరీనీ మోటారునూ కలుపుతుంది, ప్రవాహం ఆగగానే స్ప్రింగు ఆ పలకను వెనక్కి నెట్టి వలయాన్ని తెంచుతుంది. మెకానిక్కులు దీన్నే సోలినాయిడ్ అంటారు. తాడును చుట్టడానికి ఒక దిశ, విప్పడానికి ఎదురు దిశ కావాలి కనుక మోటారుకు వెళ్లే ప్రవాహాన్ని తారుమారు చేయగలిగేలా పాత వించ్‌లలో నాలుగు సోలినాయిడ్లను ఒక పెట్టెలో అమర్చేవారు, ఇప్పుడు ఆ పని అంతా ఒకే కాంటాక్టర్ చేస్తోంది. ఆ తరువాతది యాంత్రిక భాగం; నడుమ ఒక సూర్య గేరు, చుట్టూ తిరిగే గ్రహ గేర్లు ఉన్న అమరికను మూడు అంచెలుగా పేర్చి, మోటారు రెండు మూడు వందల సార్లు తిరిగితే డ్రమ్ము ఒక్కసారి తిరిగేలా చేస్తారు. అందువల్ల నిండు బరువు మీద తాడు నిమిషానికి ఒకటి రెండు మీటర్లు మాత్రమే కదులుతుంది, బరువు లేనప్పుడు అదే తాడు నిమిషానికి ఎనిమిది తొమ్మిది మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. ఈ రెండు వేగాల తేడాకు భద్రత విషయంలో చాలా ప్రాధాన్యం ఉంది.

రిమోట్ ఎందుకు కావాలో తెలియాలంటే ముందు తాడు స్వభావం తెలియాలి. బిగిసిన తాడు నిశ్చలంగా కనబడుతుంది, నిజానికి అది లాగి పట్టిన స్ప్రింగు. 8 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు తాడు 20 మీటర్ల పొడవున పరచుకుని 3,000 కిలోల బరువును లాగుతోందనుకుంటే, అది ఇంచుమించు 20 సెంటీమీటర్లు సాగుతుందనీ, అందులో దాగిన స్థితిస్థాపక శక్తి సుమారు 3,000 జౌళ్లు ఉంటుందనీ లెక్క కట్టవచ్చు. 50 కిలోల సిమెంటు బస్తా రెండంతస్తుల మేడ మీద నుంచి కింద పడినప్పుడు నేలను తాకే శక్తి ఇంతే ఉంటుంది. తాడు తెగినా, కొక్కెం జారినా, కట్టిన చెట్టు వేళ్లతో సహా ఊడివచ్చినా, వాహనానికి ఉన్న లాగుడు కొక్కెం విరిగినా ఆ శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై, తాడు చివరనున్న ఇనుప ముక్కను తుపాకి గుండులా విసురుతుంది. కాలు పోవడానికో ప్రాణం పోవడానికో అందులో పదో వంతు చాలు. అధిక అణుభారం గల పాలిథిలిన్ పోగులతో అల్లిన సింథటిక్ తాళ్లు ఉక్కు తాడు బరువులో ఏడో వంతు దాకానే ఉంటాయి కనుక తెగినప్పుడు వాటి విసురు చాలా తక్కువ, వాటి వాడకం పెరగడానికి కారణం అదే. అయినా వాటి చివర కట్టిన కొక్కేలూ షాకిళ్లూ ఇనుపవే కనుక ప్రమాదం పూర్తిగా తొలగిపోయిందని అనుకోకూడదు. తాడు నడిమి భాగంలో బరువైన గుడ్డ లేదా తడి గోనెసంచి వేయడం వల్ల తెగిన తాడు గాలిలోకి లేవకుండా కొంతవరకు ఆగుతుంది.

కేబుల్‌తో పనిచేసే పాత తరహా రిమోట్ లోపం ఇక్కడే బయటపడుతుంది. దాని కేబుల్ పొడవు సుమారు మూడున్నర, నాలుగు మీటర్లు. దాన్ని చేత పట్టుకున్న మనిషి బంపరుకు పక్కగా నిలబడాలి, లేదా కేబుల్‌ను కిటికీలోంచి తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చోవాలి. మొదటి పద్ధతిలో అతడు తెగిన తాడు కొరడాలా తిరిగే పరిధిలో ఉంటాడు, రెండో పద్ధతిలో తాడు సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా, అద్దానికి అవతల ఉంటుంది. అనుభవజ్ఞులు పాటించే నియమం ప్రకారం, చూసేవాళ్లు బిగిసిన తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. 20 మీటర్ల తాడుకు అది 30 మీటర్లు అవుతుంది. చూసేవాళ్లను అంత దూరం పంపి, నడిపేవాడిని మాత్రం నాలుగు మీటర్లలో నిలబెట్టిన పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. పైగా ఆ కేబుల్ చక్రం కింద పడి నలగడం, తాడుతో పాటు డ్రమ్ములోకి చుట్టుకుపోవడం కూడా జరిగేవి. వైర్‌లెస్ రిమోట్ ఆ మనిషిని తాడు వరుసలోంచి పక్కకు తప్పించి, చెట్టు దగ్గరి ముడినీ డ్రమ్ము మీద తాడు చుట్టుకుంటున్న తీరునూ ఒకేసారి చూడగలిగిన చోట నిలబడనిస్తుంది.

దూరం నుంచి తరంగాలతో యంత్రాన్ని కదిలించాలన్న ఊహ రేడియో ప్రసారాల కంటే పాతది. 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో జగదీశ్ చంద్ర బోస్ విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, అవతల గదిలో గంట మోగించి, తుపాకి మందును పేల్చి చూపించారు. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపారు. ఆ ఏడాది నవంబరు 8న ఆయనకు లభించిన పేటెంటు శీర్షికలో పడవలతో పాటు వాహనాల ప్రస్తావన కూడా ఉండడం విశేషం. స్పెయిన్ ఇంజినీరు లియొనార్డో టోర్రెస్ కెవెడో ఒక అడుగు ముందుకు వేసి, 1903లో పారిస్ సైన్స్ అకాడమీకి నివేదించిన తన టెలికినో యంత్రంలో, వచ్చిన తరంగ స్పందనల సంఖ్యను బట్టి వేర్వేరు ఆజ్ఞలు అమలయ్యేలా ఏర్పాటు చేశారు. తరంగం వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకుండా ఏ ఆజ్ఞ వచ్చిందని అడగగలిగిన యంత్రాల వరుసలో అది ముందుంది, నేటి రిమోట్‌లన్నీ ఆ ఆలోచనకు వారసులే.

వించ్ రిమోట్‌లు ఎక్కువగా 315 లేదా 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో గానీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గానీ పనిచేస్తాయి. మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల కంపనాలు, గిగాహెర్ట్జ్ అంటే వంద కోట్లు. కాంతి వేగాన్ని ఈ కంపనాల సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం, అంటే ఒక తరంగ శిఖరం నుంచి మరో శిఖరానికి ఉండే దూరం వస్తుంది: 433 మెగాహెర్ట్జ్‌కు అది 69 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్‌కు పన్నెండున్నర సెంటీమీటర్లు. సరళమైన యాంటెనా బాగా పనిచేయాలంటే దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి కనుక మొదటిదానికి 17 సెంటీమీటర్ల తీగ అవసరమవుతుంది, రెండోదానికి మూడు సెంటీమీటర్లు సరిపోతుంది. అరచేతిలోని రిమోట్‌లో 17 సెంటీమీటర్ల తీగను నిటారుగా ఉంచే వీలు లేక దాన్ని మడిచి సర్క్యూట్ పలక మీదనే గీస్తారు, దానివల్ల కొంత బలం పోతుంది. అయితే పొడవైన తరంగం చెట్ల ఆకులనూ మనిషి శరీరాన్నీ తేలికగా దాటుతుంది, వస్తువుల అంచులను చుట్టివెళ్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు, తడి ఆకులు, మనిషి దేహం ఎక్కువగా పీల్చుకుంటాయి. ఆరుబయట తరంగ బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది, దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతవుతుంది. ఇనుప బానెట్ కింద, బురద పూసుకుపోయిన పెట్టెలో రిసీవర్ యాంటెనా ఉన్నప్పుడు ఈ లెక్క కూడా నిలవదు. అందుకే అట్ట పెట్టె మీద ముద్రించిన దూరాన్ని ఎండిన మైదానంలో కొలిచిన దూరంగానే భావించి, వానలో అందులో సగమే లభిస్తుందని ఏర్పాటు చేసుకోవడం వివేకం.

ఈ పౌనఃపున్యాల్లో ఏది ఎక్కడ వాడవచ్చో ఆయా దేశాల చట్టాలు నిర్ణయిస్తాయి. భారతదేశంలో రేడియో పట్టీల కేటాయింపును 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూస్తుంది. 433 మెగాహెర్ట్జ్ పరిసరాల్లోనూ, 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే చిన్న పట్టీలోనూ, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనూ నిర్ణీత పరిమితికి లోబడిన తక్కువ సామర్థ్యపు పరికరాలకు విడి లైసెన్సు అక్కరలేదు. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు ఇలాంటి పరికరాలకు తెరిచి ఉన్న పట్టీలో కొంత భాగం ఇక్కడ మొబైల్ ఫోన్ నెట్‌వర్కులది. అక్కడ స్థిరపడిన బంధువుల చేత వించ్ సామగ్రి తెప్పించుకునే తెలుగువాళ్లు కొనేముందు రిమోట్ వెనుక ముద్రించిన పౌనఃపున్యాన్ని చూసుకోవడం మంచిది.

తరంగం చేరినంత మాత్రాన ఆజ్ఞ చేరినట్టు కాదు. చవక రిమోట్‌లు తరంగాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ, పొడుగు స్పందననూ పొట్టి స్పందననూ సున్నా, ఒకటి అనే అంకెలుగా పంపుతాయి. ఒక విడతలో ముందుగా రిమోట్ గుర్తింపు సంఖ్య, తరువాత ఏ మీట నొక్కారన్న సమాచారం ఉంటాయి. మీటను నొక్కి పట్టినంతసేపు ఈ విడత సెకనుకు ఇరవై సార్లకు పైగా మళ్లీ మళ్లీ వెళుతుంది. గుర్తింపు సంఖ్య ఎంత పెద్దదన్నది ఇక్కడ కీలకం. పాత నమూనాల్లో ఎనిమిది బుల్లి స్విచ్చులను పైకీ కిందికీ జరిపి సంఖ్యను ఎంచుకునే పద్ధతి ఉండేది, అందులో సాధ్యమయ్యేవి 256 సంఖ్యలే. మలేషియాలో 1997లో పుట్టి, 2014 నుంచి గోవాలో కూడా వానాకాలంలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ వంటి పోటీలో వించ్‌లు ఉన్న వాహనాలు పక్కపక్కనే పనిచేస్తాయి. అలాంటి చోట ఇరవై వాహనాలు 256 సంఖ్యల్లోంచి తలా ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకున్నాయనుకుంటే, ఏ రెండింటికైనా ఒకే సంఖ్య పడే సంభావ్యత 53 శాతం. ఒకరు తన రిమోట్ నొక్కితే పక్కవాడి వించ్ కదిలే ప్రమాదం ఊహాజనితం కాదనడానికి ఈ లెక్క చాలు. ఆ తరువాత వచ్చిన చిప్‌లలో 20 బిట్ల గుర్తింపు సంఖ్యను కర్మాగారంలోనే ముద్రిస్తారు, అందులో పది లక్షలకు పైగా సంఖ్యలు సాధ్యం కనుక అదే ఇరవై వాహనాల మధ్య ఢీకొనే అవకాశం అయిదు వేలల్లో ఒకటి కూడా ఉండదు.

కారు తాళాలకు వాడే రోలింగ్ కోడ్, అంటే నొక్కిన ప్రతిసారీ గుప్తలేఖన పద్ధతిలో సంఖ్య మారిపోయే ఏర్పాటు, కొన్ని వించ్ రిమోట్‌లలో కూడా కనబడుతుంది. 1980లలో దక్షిణాఫ్రికాలో రూపొందిన కీలాక్ ఈ కోవలో ప్రసిద్ధమైనది. సంకేతాన్ని దొంగిలించి మళ్లీ ప్రయోగించేవారిని అడ్డుకోవడం దాని ఉద్దేశం; వించ్ విషయంలో దొంగ కంటే పొరపాటే పెద్ద శత్రువు కనుక విడి గుర్తింపు సంఖ్య ఉంటే ముఖ్యమైన అవసరం తీరినట్టే. చాలా 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు మరో మేలు చేస్తాయి: అవి ఒకే చోట మాట్లాడకుండా పట్టీలోని అనేక ఉప పౌనఃపున్యాల మీద వెంటవెంటనే గెంతుతూ పోతాయి, అందువల్ల ఒక చోట అడ్డంకి ఎదురైనా తరువాతి గెంతులో సందేశం చేరుతుంది. సినీనటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి టార్పెడోలను రేడియోతో నడపడానికి ఈ గెంతుల పద్ధతితోనే 1942లో పేటెంటు పొందారు. రెండు వైపులా మాట్లాడే రిమోట్‌లైతే ఆజ్ఞ అందిందన్న రసీదుతో పాటు వాహన బ్యాటరీ వోల్టేజినీ చేతిలోని తెర మీద చూపిస్తాయి.

అయితే వించ్ రిమోట్‌కు అన్నిటికంటే దగ్గరి విరోధి వించే. మోటారులో తిరిగే రాగి పలకలను కార్బన్ బ్రష్షులు రాసుకుంటున్నప్పుడు నిరంతరం నిప్పురవ్వలు పుడతాయి, విద్యుత్ రవ్వ పుట్టిన ప్రతిచోటా రేడియో తరంగాలు పుడతాయి. 1887, 1888 సంవత్సరాల్లో జర్మనీలోని కార్ల్స్‌రూ నగరంలో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని నిరూపించింది ఇలాంటి రవ్వలతోనే. కాబట్టి వందల ఆంపియర్లతో రవ్వలు రాల్చే మోటారు, రిసీవర్‌కు అరమీటరు దూరంలో నడిచే ఒక మొరటు ప్రసార కేంద్రం. పాతిక మీటర్ల అవతల నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని ఈ రొద మధ్యన వినడం రిసీవర్‌కు తేలిక కాదు. మోటారు ఆగి ఉన్నప్పుడు దూరం నుంచి చక్కగా పనిచేసిన రిమోట్, మోటారు తిరగడం మొదలవగానే తడబడడానికి ఇదొక కారణం. ప్రారంభించే ఆజ్ఞ నిశ్శబ్దంలో అందుతుంది, ఆపే ఆజ్ఞ మాత్రం రొదలో అందవలసి వస్తుంది.

రెండో కారణం బ్యాటరీలో ఉంది. బ్యాటరీకీ కేబుళ్లకూ కలిపి వెయ్యింట అయిదు వంతుల ఓమ్ నిరోధం ఉన్నా, 400 ఆంపియర్ల వద్ద అందులోనే రెండు వోల్టులు హరించుకుపోతాయి, బ్యాటరీ పాతదైతే ఇంకా ఎక్కువే పోతాయి. వోల్టేజి పదికీ తొమ్మిదికీ జారినప్పుడు రిసీవర్‌లోని మైక్రోకంట్రోలర్ పనిచేయడం మానేసి మళ్లీ మొదటి నుంచి ప్రారంభం కావచ్చు; కాంటాక్టర్ పట్టు సడలి లోపలి పలక టకటకలాడవచ్చు. వోల్టేజి పడిపోతే కాంటాక్టర్ విడిపోతుంది, విడిపోగానే మోటారు భారం తగ్గి వోల్టేజి లేస్తుంది, లేవగానే మళ్లీ అంటుకుంటుంది. అలా సెకనులో పలుమార్లు అంటుకుని విడిపోయే పలకల మధ్య చాపం, అంటే విపరీతంగా వేడెక్కిన గాలి గుండా సాగే ప్రవాహం, లోహాన్ని కరిగిస్తుంది. ఇళ్లలోని ఏసీ విద్యుత్తు సెకనుకు వంద సార్లు సున్నాకు చేరుతుంది కనుక చాపం దానంతట అదే ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ ప్రవాహానికి ఆ విరామం లేదు. కరిగిన పలకలు అతుక్కుపోయాయంటే వించ్ ఆగదు.

వించ్ రిమోట్‌ను తీర్చిదిద్దడంలో అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. మంచి రిమోట్‌లో ఆగడానికి ప్రత్యేకమైన ఆజ్ఞ అవసరం ఉండకూడదు. నడవడానికి ఎడతెగని ఆజ్ఞ అవసరం కావాలి. మీటను పట్టి ఉంచినంతసేపు సంకేతపు విడతలు వస్తూ ఉంటాయి, వరుసగా కొన్ని విడతలు అందకపోతే, కారణమేదైనా సరే, రిసీవర్ తనంతట తాను కాంటాక్టర్‌కు ప్రవాహం ఆపేయాలి. వేలు జారినా, రిమోట్ నీళ్లలో పడినా, దాని బ్యాటరీ అయిపోయినా, మనిషి పడిపోయినా, రొదలో సంకేతం మునిగినా ఫలితం ఒకటే కావాలి, వించ్ ఆగాలి. యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణం తీగలేని నియంత్రణలకు ఇదే షరతు పెడుతుంది: నిర్ణీత వ్యవధిలో సరైన సంకేతం అందకపోతే యంత్రం తనంతట తాను ఆగిపోవాలి. ఒకసారి నొక్కితే నడుస్తూ, మరోసారి నొక్కితే ఆగే పద్ధతి గేట్లకూ దీపాలకూ పనికివస్తుంది. అదే సర్క్యూట్ పలకను వించ్ కాంటాక్టర్‌కు కలిపి అమ్మే చవక సామగ్రి ఎంత తక్కువ ధరకు దొరికినా కొనదగినది కాదు.

ఎంతసేపటికి ఆగాలన్నది సున్నితమైన ప్రశ్న. ఒకటి రెండు విడతలు తప్పగానే ఆపేస్తే రొద వచ్చినప్పుడల్లా మోటారు కుదుపులు తింటుంది, ప్రతి కుదుపూ పలకలను కాల్చుతుంది, తాడును జర్కుతో లాగుతుంది. మరీ ఎక్కువసేపు వేచి చూస్తే ముప్పు తాడు రూపంలో వస్తుంది. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధనల్లో, ఈ తరగతి రిమోట్ మీట వదిలిన అయిదు సెకన్లలోగా ప్రసారం ఆగాలన్న షరతు ఉంది. రేడియో పట్టీని ఇతరుల కోసం ఖాళీ చేయించడానికి పెట్టిన గడువు అది, వించ్ భద్రతకు దాన్ని కొలమానంగా తీసుకోకూడదు. నిమిషానికి తొమ్మిది మీటర్ల వేగంతో చుట్టుకునే ఖాళీ తాడు అయిదు సెకన్లలో 75 సెంటీమీటర్లు లోపలికి వెళుతుంది. అర సెకనులో అయితే ఏడున్నర సెంటీమీటర్లే కదులుతుంది. పని ముగిశాక కొక్కేన్ని చేత పట్టుకుని తాడును చుట్టేటప్పుడు వేళ్లు తాడును దారిలో పెట్టే ఫెయిర్‌లీడ్‌లోకి ఇరుక్కుపోయే ప్రమాదం ఈ దశలోనే ఉంటుంది, బరువు లేదన్న ధీమాతో మనుషులు అజాగ్రత్తగా ఉండేదీ ఈ దశలోనే. కొక్కేనికి ఒక పట్టీ కట్టి దాన్నే పట్టుకోవాలనీ, చివరి రెండు మీటర్లను మీటను ఒక్కో క్షణం నొక్కుతూ వదులుతూ చుట్టాలనీ చెప్పేది ఇందుకే.

రేడియో ఎంత జాగ్రత్తగా రూపొందినా కరిగి అతుక్కున్న కాంటాక్టర్‌ను అది విడదీయలేదు. లాగుడు బరువు మీద ఉన్నప్పుడు డ్రమ్మును గేర్ల నుంచి విడదీసే క్లచ్ లివర్ కూడా కదలదు. అప్పుడు మిగిలే ఒకే మార్గం బ్యాటరీకీ వించ్‌కూ మధ్య ప్రవాహాన్ని చేత్తో తెంచడం. దానికోసం వందల ఆంపియర్లను తట్టుకోగల ఐసొలేటర్ స్విచ్చిని, తాడు వరుసలోకి వెళ్లకుండా చేయి అందే చోట అమర్చుకోవాలి. కేబుల్ రిమోట్ సాకెట్‌ను తొలగించకుండా ఉంచడం, ఆ కేబుల్‌ను బండిలో దాచుకోవడం కూడా అవసరమే, ఎందుకంటే అడవి మధ్యలో నాణెం పరిమాణపు బ్యాటరీ అయిపోవడం పెద్ద వింత కాదు. ఆ కేబుల్‌ను వాడవలసి వచ్చినప్పుడు మనిషి మళ్లీ తాడుకు దగ్గరగా వస్తాడని మాత్రం మరవకూడదు.

ఇటీవల కొన్ని సంస్థలు ఫోన్‌లోని యాప్ ద్వారా బ్లూటూత్‌తో వించ్‌ను నడిపే ఏర్పాటు చేస్తున్నాయి. మోటారు వేడి, బ్యాటరీ స్థితి చూడడానికి ఫోన్ మంచిదే. నడపడానికి మాత్రం అది తగదు: తడి వేలినీ వాన చినుకునూ వేరుచేయలేని తెర, నడుమ వచ్చే కాల్, చూడకుండా తడిమి గుర్తుపట్టలేని మీటలు, ఇవేవీ మూడు టన్నుల బరువు తాడు మీద ఉన్న సమయంలో భరించదగినవి కావు. గట్టి రబ్బరు తొడుగు, చేతి తొడుగులతోనూ నొక్కగలిగిన రెండు ఎత్తైన మీటలు, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా తట్టుకునే ఐపీ67 స్థాయి రక్షణ ఉన్న మామూలు రిమోట్ దానికంటే ఎన్నో మేలు. రిసీవర్ ఎప్పుడూ సంకేతం కోసం చెవి ఒగ్గి ఉంటుంది కనుక, వించ్ పనిలో లేనప్పుడు కూడా కొద్ది ప్రవాహాన్ని తింటూనే ఉంటుంది. 10 మిల్లీ ఆంపియర్ల చొప్పున లెక్కించినా నెలకు ఏడు ఆంపియర్ గంటలకు పైగా ఖర్చవుతుంది, 60 ఆంపియర్ గంటల బ్యాటరీలో అది పన్నెండు శాతం. నెల తరబడి కదలని బండి స్టార్ట్ కాకపోవడానికి ఈ చిన్న దాహం కూడా తోడు కావచ్చు.

వించ్ ఉన్నవాళ్లు ఈ పరీక్షను ప్రతి లాగుడుకూ ముందు, తాడు వదులుగా ఉన్నప్పుడే చేయాలి: నిలబడదలచిన చోటికి నడిచివెళ్లి, మీటను నొక్కి, మోటారు తిరుగుతుండగా వదిలి, అది వెంటనే ఆగిందో లేదో చూడాలి, ఆ తరువాత మీటను నొక్కి పట్టుకునే బ్యాటరీ మూత తీసి మరోసారి చూడాలి. రెండుసార్లలో ఏ ఒక్కసారి ఆగడంలో ఆలస్యమైనా ఆ రిమోట్‌ను ఆ రోజుకు పక్కన పెట్టాలి. ఐసొలేటర్ ఎక్కడుందో తోడున్నవారిలో కనీసం ఒకరికి చూపించి ఉంచాలి. రిమోట్ ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్కరి మాట మీదనే తక్కినవాళ్లు కదలాలి. తాడు చుట్టడం పూర్తయ్యాక రిసీవర్‌కు వెళ్లే కరెంటును ఆపి, రిమోట్‌ను పిల్లల చేతికి అందని చోట పెట్టాలి.